పడుగు జాగ, పడావు జాగ: శ్రీ జానీ పాషా గారి ముప్పై ఆరేండ్ల గీతలు

శ్రీ జానీ పాషా గారు మన పట్టణ ప్రణాళికా కార్యాలయంలో పటాలు దించే ట్రేసరుగా ఉద్యోగంలో చేరినది 1989 జూలై మూడవ తేదీ, సోమవారం. ఆ ఉదయం సిద్దిపేట మీది ఆకాశం ఏం చేయదలచుకున్నదో దానికే తెలియనట్టున్నది. పడమట నల్లగా కమ్ముకొచ్చింది, తూర్పున ఎండ కాసింది, నడుమ నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి. గొడుగు తెచ్చినవారు దానిని ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగారు, తేనివారు తడిశారు. నియామక ఉత్తర్వును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆ సంచిని చొక్కా లోపల దాచుకొని, ఇరవై నాలుగేండ్ల పాషా గారు సగం తడిసి ఆనాటి అధికారి ఎదుట నిలబడ్డారు. ఏం పని వచ్చునని అడిగితే, గీత గీయడం వస్తుందని, ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరైనా చెప్పాలని బదులిచ్చారట. అధికారి నవ్వారు. పాషా గారు నవ్వలేదు. ఆయన నిజమే చెప్పారు.

ఆయన పుట్టి పెరిగినది నంగునూరు. తండ్రిగారు రేకు పెట్టెలు చేసి, పాత బకెట్లకు మాట్లు వేసి సంసారాన్ని ఈదిన కష్టజీవి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. ఈ రెంటి నడుమ తలుపు లేని ఇంట్లో పెరిగినందువల్ల ఏ మాట ఏ గదిలోదో ఆయన ఎన్నడూ వేరుచేసి చూసుకోలేదు. బడిలో పలక మీద దిద్దిన తెలుగు అక్షరమే ఆయనకు అన్నం పెట్టింది. ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో ఆయన రాసిన వీధుల పేర్లు అచ్చు వేసినట్టుండేవి. కార్యాలయంలో ఎవరింట్లో పెండ్లయినా శుభలేఖల కవర్లు ఆయన బల్ల మీదికే చేరేవి. మూడు వందల పేర్లు రాసి, తమ పేరు రాసుకోవడం మరిచి, పిలుపు లేకుండానే పెండ్లికి పోయి వచ్చిన సందర్భమూ ఉన్నది.

1996లో పట్టణంలోని పాత వాడలన్నింటినీ కొలిచి కొత్త పటాలు తయారుచేసే బృహత్కార్యం మొదలైంది. సర్వేయరు గారు గొలుసు పట్టించి కొలతలు చెప్పడం, పాషా గారు పుస్తకంలో ఎక్కించడం, సాయంత్రం వాటిని పటంలోకి దించడం, ఇలా పద్నాలుగు నెలలు సాగింది. ఆ సర్వేయరు గారు ఇప్పుడు మన మధ్య లేరు. ఆ పటాలు మాత్రం ఉన్నాయి. ఈనాటికీ ఏ గోడ తగాదా వచ్చినా వాటినే తెరుస్తాము. 2007లో పాషా గారు డ్రాఫ్ట్స్‌మన్‌గా పదోన్నతి పొందారు. 2016లో సిద్దిపేట జిల్లా కేంద్రమైన తరువాత పని మూడింతలయింది, కంప్యూటర్లు వచ్చాయి. యాభై రెండేండ్ల వయసులో ఆయన మౌస్ పట్టుకున్న తీరు చూసినవారికి కోడిపిల్లను పట్టుకున్నట్టు తోచింది. అయినా నేర్చుకున్నారు. నేర్పిన శ్రీమతి ప్రసూన గారు అప్పుడు కొత్తగా చేరిన ఉద్యోగిని, ఇప్పుడు మన విభాగపు సూపర్‌వైజరు.

పాషా గారి పనిలో ఒక నియమం ఉండేది. ఏ బాటను గీయవలసి వచ్చినా ముందుగా దాని మీద నడిచేవారు. చెప్పులు విడిచి కూడా నడిచేవారు. ఎందుకని అడిగితే, చెప్పులు లేనివాళ్లు కూడా నడుస్తారు గదా అనేవారు. అంతకుమించి వివరణ ఆయన నోటి నుండి వచ్చేది కాదు.

ఇంతటి నిదానస్తుని ఉద్యోగ జీవితంలో ఒక పెద్ద గందరగోళం చోటుచేసుకున్నది. దానిని దాచి కేవలం ప్రశంసలు రాస్తే ఈ వ్యాసం పాషా గారికే నచ్చదు. కనుక జరిగినది జరిగినట్టు చెప్పడమే ఆయనకు తగిన సత్కారం.

మూడేండ్ల క్రితం మన విభాగం ఒక ప్రణాళిక చేపట్టింది. పాత పట్టణంలో ఒకదానికొకటి ఆనుకొని ఉండి కూడా ఒకదానికొకటి ఎరుగని వాడలు ఉన్నాయి. పరుపులు, బొంతలు కుట్టుకొని బతికే దూదేకుల గల్లీ ఒక పక్క, మగ్గాల వాడ ఒక పక్క, వాటికి దక్షిణంగా బడి, కూరగాయల అంగడి. గల్లీలో నుండి అంగడికి కాకి మూడు నిమిషాల్లో పోతుంది. మనిషి పెద్ద రోడ్డెక్కి, మద్యం దుకాణం ముందు నుండి, లారీల పక్క నుండి ఇరవై నిమిషాలు తిరిగి పోవాలి. ఆడపిల్లలు బడికి పోయేదీ అదే తొవ్వ. మంచి రోడ్లు, దీపాలు, కూర్చునే బల్లలు అన్నీ కొత్త కాలనీలకే చేరాయి. కాబట్టి ఇక్కడి ఖాళీ స్థలాలను ఒకదానితో ఒకటి కలిపి, దీపాలు పెట్టి, చెట్లు నాటి, నడకబాటగా మార్చాలని సంకల్పం. కలపడానికి నడుమ ఒకే ఒక జాగ ఉన్నది. ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇరవై నాలుగు అడుగుల వెడల్పు పట్టీ. 1996 నాటి పటంలో దాని మీద అందమైన అక్షరాలతో రాసి ఉన్నది: ‘పడావు జాగ’. మన ప్రాంతంలో పడావు అంటే బీడు, ఎవరికీ పనికిరాక పడి ఉన్న నేల. ఇంతకన్నా ఏం కావాలి? నడుమ నీళ్ల ఫౌంటెన్, దాని చుట్టూ బల్లలు, రెండు వరుసల చెట్లతో నమూనా సిద్ధమైంది.

2024 మే నెలలో వాడ ప్రజలతో సమావేశం జరిగింది. మీ వాడలో పడావు జాగను బాగుచేస్తే సమ్మతమేనా అని అడిగారు. మగ్గాల వాడ పెద్దదిక్కు కొండవ్వ లేచి, పడావు జాగను బాగు చేస్తామంటే ఎవరైనా వద్దంటారా, తుమ్మలు పెరిగి పాములు తిరుగుతున్నాయి, ఈ యేడు కాదు ఎన్నడో చేయవలసింది అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. నూట పన్నెండు సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. తుమ్మలెక్కడివని అధికారులలో ఎవరికీ సందేహం రాలేదు. పాషా గారు ఆ సభలో వెనుక వరుసలో కూర్చొని, తమ అక్షరాలను గోడ మీది తెరపై పెద్దగా చూపిస్తుంటే తల వంచుకున్నారు. పొగడ్త అయినా ఆయనకు ఇబ్బందే.

జూలైలో ఆ జాగలో సున్నపు గీతలు పడ్డాయి. మరునాడు కొండవ్వ తిన్నగా పాషా గారి బల్ల ముందుకు వచ్చింది.

“సారూ, మా పడుగు జాగల ఎవలో సున్నంతోని ముగ్గేసి పోయిన్రు. ఏం పండుగ వచ్చిందని?”

“గది పడావు జాగ గదా అక్కా. బాట వస్తది. మీరే ఒప్పుకొని వేలుముద్రలు పెట్టిన్రు.”

“పడావు జాగకు పెట్టినం. పడావు జాగ రైసుమిల్లు ఎనుక ఉన్నది, తుమ్మలు మొలిచి. గిది పడుగు జాగ.”

“గిదే పడావు.”

“గిదే పడుగు.”

పక్క బల్ల వారు, మీ ఇద్దరూ ఒకే మాట అంటున్నారు గదా, మరి కొట్లాట దేనికని అడిగారు. పాషా గారు పటం తెచ్చి పరిచారు. కొండవ్వకు చదువు రాదు. పటం మీద వేలు పెట్టి తన ఇల్లు, బావి, గోడ ఒక్కొక్కటే గుర్తుపట్టింది. చివరికి ఆ పట్టీ మీద వేలు ఆపి, ఇక్కడ ఏం రాసి ఉన్నదని అడిగింది. ఆయన చదివి చెప్పారు.

“పొద్దుగాల ఆరింటికి వచ్చి సూడు సారూ. పడావో పడుగో నీ కండ్లే చెప్తయి” అని లేచిపోయింది.

మగ్గం పని ఎరుగని వారి కోసం ఒక మాట. చీర నేయడానికి ముందు నిలువు నూలును, అంటే పడుగును, నలభై గజాల పొడవున రెండు చివరలా గుంజలకు కట్టి బారుగా చాపాలి. గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, పొద్దుటి ఎండలో ఆరబెట్టాలి. ఇంట్లో ఇది సాధ్యం కాదు. ఆ పట్టీ పోతే వాడలో మిగిలిన పదకొండు మగ్గాలకు నూలు చాపుకునే తావే లేదు, మగ్గం దించుకోవడమే. తొమ్మిది గంటలకల్లా పని ముగించి, గుంజలు పీకి, నూలు చుట్టుకొని వెళ్లిపోతారు. పది గంటలకు వచ్చి చూసే ఉద్యోగికి అక్కడ ఖాళీ నేల తప్ప ఏమీ కనిపించదు. ఇరవై ఎనిమిదేండ్లుగా మనమంతా పది గంటలకే పోయాము.

పాషా గారు ఆరు గంటలకు పోయారు. తెల్లని నూలు ఆ చివరి నుండి ఈ చివరి దాకా సాగి ఉన్నది. దాని కింద సున్నపు గీతలు, సరిగ్గా నడుమ ఫౌంటెన్ కోసం గీసిన వలయం. నలుగురు మనుషులు కుంచెలతో ముందుకూ వెనుకకూ నడుస్తూ ఆ వలయాన్ని తొక్కకుండా పక్కకు జరుగుతున్నారు. సర్కారు గీత, తొక్కితే ఏమవుతుందోనని వారి భయం. అది చూసి ఆయన ఆనాడు కొలతల టేపు కూడా తీయకుండా తిరిగి వచ్చారని తరువాత తెలిసింది.

కార్యాలయానికి వచ్చి పాత పటాన్ని మళ్లీ ముందేసుకున్నారు. ‘డ’ అక్షరం తోక పైకి తిరిగి ఉన్నది. అలా రాసేది ఈ కార్యాలయంలో ఒక్కరే. పడుగు అని విన్నారా, పడావు అని విన్నారా, సర్వేయరు గారే అలా చెప్పారా? ఎంత తవ్వుకున్నా జ్ఞాపకానికి రాలేదు. చెయ్యి తనదే. మాట ఎవరిదో తెలియదు.

ఆ వారమంతా ఆయన అదే జాగలో తిరిగారు. అక్కడే దూదేకుల గల్లీకి చెందిన రిజ్వానా కలిసింది. పరుపులు కుట్టే మనిషి, కూతురు రిదాను రోజూ పెద్ద రోడ్డు మీదుగా బడికి తీసుకుపోయే తల్లి. బాట ఆగిపోవచ్చునని పాషా గారు చెప్పగానే ఆమె ముఖం ఎర్రబడింది.

“మీ రాత తప్పయితే మా తొవ్వ ఎందుకు బందు చాచా? తాగినోళ్ల నడిమిట్లకెల్లి నా పిల్ల ఇంక ఎన్నేండ్లు నడవాలె?”

నూలు చాపుకునే వారిది న్యాయం. నడిచిపోయే వారిదీ న్యాయం. ఇద్దరూ పేదవారే, జాగ ఒక్కటే. ఆ పదం తానెందుకు రాశారో తనకే అర్థం కావడం లేదని మాత్రం ఆమెతో చెప్పుకున్నారు. రిజ్వానా వింతగా చూసింది.

“పడావ్ అంటే మన ఇండ్లల్ల మనుషులు ఆగే జాగ గదా చాచా. దారిల దిగి, కూసొని, నాలుగు మాటలు మాట్లాడి పోయే జాగ. బీడు అని ఎవలంటరు?”

పాషా గారు అక్కడే గోడకు ఆనుకొని నిలబడిపోయారు. కావచ్చు. నేతగాళ్లు పడుగు అని ఉంటారు, ఆయన చెవికి ఇంట్లోని పడావ్ వినిపించి ఉంటుంది. పొద్దున్నే నలుగురు చేరి మాట్లాడుకుంటూ పనిచేసుకునే తావు గదా, పేరు సరిగ్గానే ఉన్నదనుకొని రాసి ఉంటారు. ఉర్దూలో నిండుగా ఉన్న జాగ తెలుగులో బీడయిపోయింది. ఇదే జరిగిందా అంటే ఆయన ఈనాటికీ అవుననరు. అయి ఉండవచ్చు అంటారు.

తప్పు కనిపించిన తరువాత దానిని కాగితం మీద పెట్టడమా మానడమా అనే ప్రశ్న వచ్చింది. నమూనా మంజూరై ఉన్నది. పదవీ విరమణకు ఏడాది మీద కొంత కాలమే మిగిలి ఉన్నది. విచారణ ఏదైనా మొదలైతే పింఛను కాగితాలు కదలవు. ప్రసూన గారు ఆయన క్షేమం కోరి, పటం మీద సంతకం సర్వేయరు గారిదే గదా, ఆయన పోయి పదేండ్లయింది, పాత పొరపాటు అని రాసి ఊరుకుందామని సూచించారు.

“అందుకే నేను రాయాలె మేడం. లేని మనిషి మీద పెడితే, ఆయన వచ్చి కాదంటడా?” అన్నారు పాషా గారు.

ఆ మాట విన్నవారు ఆ గదిలో ముగ్గురే. ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

ఆయన నోట్ ఫైలు మీద పై కార్యాలయానికి వెళ్లింది. సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. “ఆ పదం నా చేతిరాత. అర్థం తెలిసే రాశాననుకున్నాను. ఇప్పుడు తెలియదు” అని ఆయన జవాబిచ్చారు. ఇది తప్పు ఒప్పుకోవడమా, కాదనడమా స్పష్టపరచవలసిందని మళ్లీ కాగితం వచ్చింది. ప్రసూన గారూ ఆయనా ఒక పూటంతా కూర్చున్నా ఆ సంగతి తేల్చలేకపోయారు. చివరికి ఒక తెల్లకాగితం మీద పడుగు, పడావు, పడావ్ మూడు మాటలూ రాసి, ఎదురుగా వాటి అర్థాలు రాసి పంపారు. దానిని చదివి పైవారికి ఏం తోచిందో గాని, మందలింపును సర్వీసు రిజిస్టరులో నమోదు చేసి, నమూనాను సవరించడానికి అనుమతించారు. ముప్పై అయిదేండ్ల నిర్మలమైన రిజిస్టరులో ఆ ఒక్క గీత పడింది. ఆయన దానిని చదివి, గుమాస్తా గారి అక్షరాలు బాగున్నాయన్నారు.

రెండవసారి సమావేశం హాలులో పెట్టలేదు. మాటలను నమ్ముకొని ఒకసారి చెడ్డాము, ఈసారి ఎవరూ ఏమీ చెప్పవద్దు, కాళ్లు పెట్టి చూపించండి అని పాషా గారు కోరారు. పొద్దున ఆరున్నరకు కొండవ్వ వాళ్లు నూలు చాపారు. గల్లీ ఆడవాళ్లు, బడిపిల్లలు, అంగడికి పోయే తోపుడుబండి భూపతి, అందరూ పని ఉన్నట్టే నడిచారు. తొలుత అంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. భూపతి బండి ఎటు తిప్పినా ఎవరో ఒకరు అడ్డమయ్యారు. కొండవ్వకు ఓర్పు నశించింది.

“మీ మంద నడిస్తే నా నూలు దక్కుతదా?”

“మేం దూది ఏకేటోళ్లం పెద్దమ్మా. నూలు ఇలువ మాకు ఎరుక లేదా?” అన్నది రిజ్వానా. కొంగు నడుముకు చెక్కి, గోడ వెంట, నూలుకు మూరెడు ఎడంగా నడిచి చూపించింది. మిగతావారు ఆమె వెనుక నడిచారు. వారి అడుగుల వెంబడి వంగి పాషా గారు సున్నం పోస్తూ పోయారు. నూలుకు, దువ్వేవారికి కలిపి పదమూడు అడుగులు, నడకకు తూర్పు గోడ వెంట ఎనిమిది, చెట్లకు మూడు. ఫౌంటెన్ పోయింది. చెట్లు రెండు వరుసలు కాస్తా పడమటి వైపు ఒక్క వరుసయ్యాయి. పొద్దుటి ఎండ నూలుకు దక్కుతుంది, మధ్యాహ్నం నూలు తీసేశాక నీడ మనుషులకు దక్కుతుంది. గుంజలు నిలపడానికి నేల మీద పరిచే రాళ్లలోనే మూత ఉన్న గుంటలు పెట్టారు. కార్లు, ఆటోలు దూరకుండా రెండు చివరలా ఇనుప దిమ్మెలు పాతించారు, తోపుడుబండి మాత్రం పట్టేటట్టు. కొండవ్వ చివరన ఆ గీతలన్నీ చూసి, “గిప్పుడు కరెక్టు ముగ్గు తమ్మీ” అన్నది. అప్పటిదాకా ఆమెకు ఆయన సారే.

అన్నీ సవ్యంగా తేలాయని చెప్పలేము. బాట పడగానే ఇద్దరు ఇంటి యజమానులు కిరాయి పెంచారు. రిజర్వాయరు కింద వేములఘాట్ ఊరు మునిగిపోతే వచ్చి గల్లీలో తలదాచుకున్న ఒక కుటుంబం దూరంగా వెళ్లిపోయింది. బాగుచేసిన జాగలో బాగు ఎవరికి చెందుతుందో, దానికి గీత ఎక్కడ గీయాలో తనకు తెలియలేదని పాషా గారు బాధపడ్డారు. తరువాత వచ్చేవారు ఆ ప్రశ్నను ఫైలుతోపాటు అందుకోవలసి ఉన్నది. పటంలో మాత్రం ఆయన తమ చేతితోనే పాత పదాన్ని ఒక్క గీతతో కొట్టి, పక్కన ‘పడుగు జాగ’ అని రాసి, తేదీ వేసి సంతకం చేశారు. కొట్టివేసినది కూడా చదవగలిగేటట్టే ఉంచారు.

ఈ అక్టోబరు ముప్పై ఒకటిన పాషా గారు తమ బల్లను ఖాళీ చేస్తున్నారు. నడవాలనిపించిన చోటికల్లా ఆయన మోకాళ్లు ఆయనను మోయాలని, ఆ వంపు తోక అక్షరాన్ని ఆ చెయ్యి వణకకుండా ఇంకా వేయి పెండ్లి కవర్ల మీద రాయాలని, సతీమణి శ్రీమతి అజీజున్నీసా గారి చేతి చాయ్ ఇక మీదట చల్లారకముందే తాగే తీరిక వారికి దొరకాలని, నూరేండ్ల పొడవునా కంటి నిండా నిద్ర, ఒంటి నిండా సత్తువ ఉండాలని కార్యాలయం మొత్తం మనసారా కోరుకుంటున్నది.

ఈ నెల పన్నెండున, ఆదివారం, కొత్త రాళ్ల మీద మొదటి పడుగు చాపారు. పాషా దంపతులను పిలిచారు, మనవారు కొందరు వెంట వెళ్లారు. ఎనిమిది కొట్టేసరికి గంజి పని ముగిసి నూలు ఆరుతున్నది. కొండవ్వ జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు తెచ్చింది. రిజ్వానా ఖిచ్డీ, దానిలోకి పుల్లటి పులుసు ఖట్టా తెచ్చింది. అందరూ తూర్పు గోడ నీడలో వరుసగా కూర్చున్నారు. కొండవ్వతో చెప్పాలని పాషా గారు ఏదో మాట సిద్ధం చేసుకొని వచ్చినట్టున్నది. నోరు తెరిచారు. అంతలో ఆమె ఆయన పళ్లెంలో రొట్టె వేసింది, దాని పక్కన రిజ్వానా ఖిచ్డీ వడ్డించింది. ఏది ముందు తినాలో తెలియక కొంతసేపు పళ్లెం వంక చూసి, రొట్టె తుంచి ఖట్టాలో ముంచుకున్నారు. గల్లీ వైపు నుండి ఎవరో ఒక పెద్దామె కూరగాయలు తేవడానికి సంచి పట్టుకొని వచ్చింది. నూలు దగ్గరికి రాగానే సంచిని చంకకు ఎత్తుకొని, పక్కకు ఒదిగి, నిదానంగా నడిచి అంగడి వైపు దాటిపోయింది. తింటున్నవారెవరూ తల ఎత్తలేదు.